పెరటిలోని యాటకోర్టు

నందిగామలో కోర్టు అన్నమాట వినినంతనే మన పెద్దలకు దస్తావేజులును, వకీళ్లును, వాయిదాలును జ్ఞప్తికి వచ్చుట సహజము. ఇటీవల మన మెట్టసీమలో నీ మాటకు మఱియొక యర్థము వ్యాపించుచున్నది. హైదరాబాదునుండి విజయవాడకు బోవు 65వ నంబరు జాతీయ రహదారి పొడవునను, నందిగామచెంతను, జగ్గయ్యపేటచెంతను, నిన్నటి ప్రత్తిచేలు అనేకములు నేడు హద్దురాళ్లు పాతిన యిండ్లస్థలములైనవి. అచ్చట మేడలు కట్టుకొనిన గృహస్థులలో కొందఱు, తమ తాతలకాలమున గడ్డివామియు పశువులకొట్టమును ఉండిన పెరటిలో, బిడ్డలకై షటిలుకోర్టు నొకదానిని వేయింప దలపెట్టుచున్నారు. దీనిని గూర్చి మా యభిప్రాయమును సవినయముగా నిచ్చట విన్నవించుకొనుచున్నాము.

ఈ కోరికను వట్టి డాంబికమని త్రోసిపుచ్చుట మా యుద్దేశము కాదు. బిడ్డలు గదిలో గూర్చుండి చేతిలోని ఫోనువంక తలవంచుకొని ప్రొద్దు పుచ్చుచున్న యీ కాలమున, వారిని ఎండలోనికిని గాలిలోనికిని బిలువగోరు తండ్రి మెచ్చదగినవాడే. నగలకును పెండ్లిపందిళ్లకును వెచ్చించు ధనములో కొంత దేహపుష్టికి వెచ్చించినచో తప్పేమి? మేము అడుగదలచిన ప్రశ్నలు రెండే. ఆ కోర్టు మన భూమిస్వభావము నెఱిగి వేయబడుచున్నదా? అది యెవరికొఱకు వేయబడుచున్నది?

పెరటినుండి పుట్టిన క్రీడ లోకమునెల్ల చుట్టివచ్చుట చరిత్రకు క్రొత్త గాదు. 1874లో మేజరు వింగ్‌ఫీల్డు అను నాంగ్లేయుడు, మడిచి పెట్టెలో బెట్టుకొని పోదగిన వలతో నింటి పచ్చికమీద నాడుకొను టెన్నిసునకు హక్కుపత్రమును బొందెను. 1965లో అమెరికాలోని వాషింగ్టను రాష్ట్రమున బెయిన్‌బ్రిడ్జి ద్వీపమునందు, జోయెల్ ప్రిచర్డు అను గృహస్థు తన వేసవియింటి పెరటిలోనున్న పాత బ్యాడ్మింటనుకోర్టుమీద, చేతికందిన బల్లచెక్కలతోను చిల్లులుగల బంతితోను బిడ్డలకొక యాట కల్పించెను. అదియే నేడు దేశదేశముల వ్యాపించిన పికిల్‌బాలు. బ్యాడ్మింటను సంగతియు నట్టిదే. దాని పేరు ఇంగ్లండులోని యొక ప్రభువు గృహమునకు చెందినది. దాని తొలి నియమములు మన పూనాలో నేర్పడినవి.

మన దక్షిణదేశమును వెనుకబడియుండలేదు. తంజావూరిలో రాజకుటుంబపు బాలు రాడుకొనిన యాటగా ప్రసిద్ధమైన బాలుబ్యాడ్మింటను ఆంధ్రదేశపు టూళ్లలో బడిఆవరణలను, ఇంటివాకిళ్లను ఆక్రమించుకొనియుండిన దినములను పెద్దలెఱుగుదురు. ఆ క్రీడలో 1970లో అర్జున పురస్కారమును బొందిన జమ్మలమడక పిచ్చయ్యగారు వరంగల్లులో స్థిరపడి, నూఱేండ్లు దాటిన వయస్సున 2021లో కీర్తిశేషులైరి. ఉన్నిబంతియు, మట్టినేలయు, వలయు దప్ప ఆ యాటకు వేఱు సంపద యక్కఱలేదు.

ఇప్పటి యుత్సాహమునకు మూలము మన తెలుగు బిడ్డల విజయములే యనుటలో సందేహము లేదు. 2001లో పుల్లెల గోపీచందు ఆలింగ్లండు విజేతయయ్యెను. సింధు 2016లో రియో ఒలింపిక్కులందు రజతమును, 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్కులందు కాంస్యమును గెలిచి, నడుమ 2019లో బాసెలు నగరమున ప్రపంచవిజేతయైనది. మన పొరుగు గుంటూరి భూస్వామి కుటుంబమునుండి వచ్చిన కిదాంబి శ్రీకాంతు 2018లో కొన్నిదినములు ప్రపంచమున ప్రథమస్థాన మలంకరించెను. అమలాపురపు వ్యాయామోపాధ్యాయుని కుమారుడు సాత్విక్‌సాయిరాజు 2023లో హాంగ్‌చౌ ఏషియా క్రీడలందు జంటల స్వర్ణమును దెచ్చెను. వీరిని జూచి యే తండ్రి మనస్సు పొంగదు?

కాని వీరి చరిత్రను పెరటికోర్టు గట్టదలచినవారు పూర్తిగా జదువవలెను. వీరిని పెంచినది పదిమంది కూడిన క్రీడాశాలయేగాని యేకాంతపు పెరడు గాదు. శ్రీకాంతు విశాఖపట్టణమునకును, పిమ్మట హైదరాబాదునకును ఇల్లు విడిచి వెళ్లవలసివచ్చెను. తనకంటె బలవంతుడగు ప్రత్యర్థి ప్రతిదినమును ఎదుట నిలువనిదే క్రీడాకారుడు వృద్ధినొందడు. గోపీచందుగారికి 2003లో ప్రభుత్వము స్థలమిచ్చినను, దానిపై క్రీడాశాలను లేపుటకు ధనము చాలక, కుటుంబపు ఇల్లే తాకట్టు పెట్టవలసివచ్చెను. నిమ్మగడ్డ ప్రసాదుగారు అయిదుకోట్ల రూపాయలు విరాళమిచ్చిరి. 2008లో క్రీడాశాల వెలసెను. ఇంటిలో కోర్టు గట్టుకొనుట యొకటి. కోర్టుకొఱకు ఇల్లు తాకట్టు బెట్టుట మఱియొకటి. మనము చప్పట్లు గొట్టిన పతకములు రెండవదానినుండి వచ్చినవి.

ఇక మొదటి ప్రశ్నకు వత్తము. భూమిలెక్క సెంట్లలో జెప్పినగాని మన రైతుసోదరులకు తృప్తి కలుగదు. బ్యాడ్మింటనుకోర్టు గీతలమధ్య 13.40 మీటర్ల పొడవును 6.10 మీటర్ల వెడల్పును గలది. అనగా సుమారు 98 చదరపు గజములు. చుట్టును రెండేసి మీటర్లు విడిచినచో 210 గజములు, అనగా నాలుగుంపావు సెంట్లు పట్టును. పికిల్‌బాలుకును గీతల కొలత యించుమించుగా నదియే. పురుషుల కబడ్డీకి 13 మీటర్ల పొడవును 10 మీటర్ల వెడల్పును గాన గీతలవఱకు మూడుంపావు సెంట్లకు మించదు. బాలుబ్యాడ్మింటనుకు 24 మీటర్ల పొడవు, 12 మీటర్ల వెడల్పు, ఏడు సెంట్లు. వాలీబాలుకు నలువైపుల మూడేసి మీటర్లు కలుపుకొని తొమ్మిది సెంట్లు. టెన్నిసునకు పరుగుస్థలముతో పదియాఱున్నర సెంట్లు. రెండువందల గజముల స్థలములో నిల్లు గట్టుకొని మిగిలిన చెక్కలో కోర్టు వేయదలచుట గోడకు మోకాలిచిప్ప నర్పించుటయే యగును. స్థలము చాలనిచోట కొలతలు కుదించి యాటను నేర్పినచో, బిడ్డ నేర్చిన దూరములన్నియు తప్పుదూరములగును.

కొలతకంటె ముఖ్యమైనది నేల. నందిగామ జగ్గయ్యపేట ప్రాంతముల నల్లరేగడి ప్రత్తికి తల్లి, కాంక్రీటునకు సవతితల్లి. ఈ మన్ను వానకాలమున నీరు త్రాగి యుబ్బును. వేసవిలో నీరింకి కుంచించుకొని, చేయి దూరునంత నెఱ్ఱెలు విచ్చును. అట్టి నేలమీద నాలుగంగుళముల కాంక్రీటును పఱచి, రంగు పూసి, గీతలు గీచి, గృహప్రవేశమునాడు బంధువులకు చూపి సంతోషించిన గృహస్థు, రెండవ వేసవికి ఆ గీతల నడ్డముగా భూదేవి తానే గీచిన గీతలను జూచి విచారింపవలసివచ్చును. సున్నపురాతిగనులును సిమెంటు కర్మాగారములును గల జగ్గయ్యపేట సీమలో సిమెంటు దొరకుట సులభమే. సిమెంటు మంచిదైనంతమాత్రమున పునాది మంచిదికాదు.

కావలసిన పని యిది. రేగడిని రెండుమూడడుగుల లోతున త్రవ్వి తీసివేయవలెను. రేగడి యింకను లోతుగా నున్నచో ఇంజనీరు నడిగి లోతు నిర్ణయించుకొనవలెను. ఆ గోతిని ఉబ్బని గరుసుతో జానెడు జానెడు పొరలుగా నింపి, ప్రతిపొరను తడిపి రోలరుతో నణచవలెను. పైన కంకర పఱచి, ఇనుపవల వేసి, కాంక్రీటు పోసి, అతుకులు కోసి విడువవలెను. కాంక్రీటును కనీసము వారము దినములు, వీలైన రెండు వారములు, నీటితో తడుపుచుండవలెను. నేల నూఱడుగులకొక్క అడుగుచొప్పున నొకవైపునకు వాలియుండవలెను. చుట్టును మురుగుకాలువ త్రవ్వి, వాననీరు పునాదిక్రిందకు దిగకుండ జేయవలెను. వేపచెట్టును చింతచెట్టును కోర్టునంటి యుండరాదు. వాని వేళ్లు వేసవిలో నేలలోని తేమను పీల్చి నెఱ్ఱెలను పెంచును. మునేటి సంగతియు మఱువరాదు. 2023 జూలైలోను, 2024 సెప్టెంబరులోను ఆ యేరు పొంగి నందిగామచెంత నైతవరమువద్ద జాతీయ రహదారినే ముంచి వాహనములను నిలిపివేసినది. పల్లపునేల నెన్నుకొనువాడు ఈ రెండు వత్సరములను దలచుకొని యెన్నుకొనవలెను.

దిక్కును జూడవలసినదే. వాస్తుశాస్త్రజ్ఞుని మాట యెట్లున్నను, ఆరుబయటి కోర్టు పొడవు ఉత్తర దక్షిణములుగా నుండవలెను. లేనిచో ఉదయసాయంకాలముల సూర్యుడు ఒక పక్షమువారి కన్నులలో గూర్చుండును. షటిలు ఈకలతో జేయబడిన తేలికవస్తువు. మన మెట్టగాలికి అది నిలువదు. ఆరుబయట నాడుటకై వేఱు షటిలుతో వేఱు నియమములతో ప్రపంచ బ్యాడ్మింటను సమాఖ్య 2019లో ఎయిర్‌బ్యాడ్మింటను అను నొక రూపాంతరమునే ప్రకటింపవలసివచ్చినది. ఈ బాధ తప్పించుకొన రేకులకప్పు వేసినచో, అది కట్టడమగును. పురపాలకుల యనుమతి కావలెను. వేసవిలో ఆ రేకులక్రింద పొయ్యిలో నాడినట్లుండును. ఇన్ని చిక్కులకు బదులు, గరుసు పఱచి నీళ్లు జల్లి రాతిరోలరుతో దున్నక దిద్దిన మట్టికోర్టులో ఉన్నిబంతితో బాలుబ్యాడ్మింటనో, కబడ్డీయో ఆడింపరాదా? మట్టినేల మోకాళ్లకు మెత్తన. నెఱ్ఱె విచ్చినను, బుట్టెడు మన్నుతో మాన్పవచ్చును. స్వదేశి యన్నమాట ఖద్దరునకే పరిమితము కాదు గదా!

పొరుగువానిని మఱచిన కోర్టు కడపట మొదటిరకపు కోర్టునకే దారితీయును. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమములనుబట్టి నివాసప్రాంతములలో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లకు మించిన శబ్దము కూడదు. రాత్రి యనగా పదిగంటలనుండి ఉదయమాఱువఱకు. పికిల్‌బాలు చెక్కమీద బంతి పడు టకటకలు పొరుగింటి వృద్ధుని నిద్రకు శత్రువులు. కంబములపై నమర్చిన వెలుగుదీపములు పక్కింటి పడకగదిలోనికి దొంగలవలె చొచ్చును. కోర్టునుండి జాఱిన వాననీరు పక్కవాని పునాదిలో రేగడిని ఉబ్బించును. దీపములకు క్రిందిచూపు, కాలువకు వీధిదారి, ఆటకు తొమ్మిదిగంటల హద్దు, ఈ మూడును ముందే యేర్పఱచుకొనినచో వకీలుఖర్చు మిగులును.

ఇక రెండవ ప్రశ్న. అది యెవరికొఱకు?

కోర్టు పూర్తియైన దినమున దాని యజమాని సాయంకాలము తన గోడమీదుగా నొక్కసారి వీధిలోనికి జూడవలెనని మా ప్రార్థన. అచ్చట నిటుకలు పేర్చి వికెట్లుగా నిలిపి, మోటారుసైకిలు వచ్చినపుడెల్ల తొలగుచు, ఆడుచున్న బాలురు కనబడుదురు. వారి తండ్రులలో నొకడు ఆ కోర్టునకు గరుసు మోసినవాడే కావచ్చును. ఒకతె తల్లి ఆ కాంక్రీటునకు దినదినము నీరు కట్టినదే కావచ్చును. వారు కట్టిన నేలమీద వారి బిడ్డలు కాలు మోపగూడదా? మన దేశమున బావికడ్డముగను, దేవాలయమున కడ్డముగను నిలిచిన గోడలను గూలద్రోయుటకు మహనీయులు ప్రాణములొడ్డిరి. ఆ గోడలు కూలినవని సంతసించుచు, ఆటస్థలముచుట్టు నవే గోడలను సిమెంటుతో లేపుట మనకు తగునా?

ఇందులకు వచ్చు ప్రత్యుత్తరములను మే మెఱుగుదుము. "మా స్థలము, మా సొమ్ము, అడుగుటకు మీరెవరు?" అనువారికి చట్టము తోడుండును. హక్కును మేము ప్రశ్నింపము. ధర్మమును జ్ఞాపకము చేయుచున్నాము. "పరుల బిడ్డ పడి కాలు విఱుగగొట్టుకొనిన నెవరు పూచీ?" అందురు. ఇది నిజమైన భయమే. పెద్దవాడొకడు దగ్గఱనుండని వేళ తలుపు మూసియుంచుడు. అన్నింటికంటె బలమైన యాక్షేపణ ఆడపిల్లల తల్లులది. "బయటి మైదానమున పదిమంది చూపులనడుమ మా పిల్ల ఆడలేదు, గోడ యున్నందుననే రాకెట్టు పట్టినది" అని వారందురు. ఈ మాటను మేము త్రోసివేయజాలము. కన్నెపిల్లకు ఆ గోడ చెఱసాల కాక కాపు కావచ్చును. అట్లైన నా గోడలోపలికి వీధిలోని తక్కిన యాడపిల్లలనుగూడ బిలువుడు. ఒంటరిగా గోడతో నాడుకొనుటకంటె నలుగురు తోడివారితో నాడుట యా పిల్లకే మేలు.

గృహస్థునిమీదనే భారమంతయు మోపుట న్యాయము గాదు. క్రొత్తగా వేయు లేఅవుట్లలో నూటికి పదివంతుల స్థలమును ఖాళీగా విడిచి స్థానికసంస్థకు అప్పగింపవలెనని రాష్ట్ర నియమములు విధించుచున్నవి. ప్లాను కాగితముమీద ఆకుపచ్చరంగుతో ప్రకాశించు నా పదివంతులు నేలమీద నెచ్చటనున్నవి? తుమ్మకంప బలిసియున్నవా, కంకర రాసులకు దొడ్డియైనవా, ఎవరి గోడలోనికైన జాఱినవా? స్థలము కొనువాడు తన రెండువందల గజముల హద్దులు గొలుసుపట్టి కొలిపించుకొనునుగాని, తన బిడ్డ యాటస్థలమును గొలిపించుకొనడు! పది లేఅవుట్ల ఖాళీస్థలములు సరిగా నిలిచినచో పెరటికోర్టుల యవసరమే చాలవఱకు తీఱును. 2023 డిసెంబరునుండి 2024 ఫిబ్రవరివఱకు "ఆడుదాం ఆంధ్రా" పేరిట రాష్ట్రమంతట పోటీలు సాగినవి. పోటీ కొన్ని వారములలో ముగియును. మైదానము తరతరములు నిలుచును.

ఇట్టి పని మన సీమకు క్రొత్త గాదు. 1914లో బెజవాడలో చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి యధ్యక్షతను సమావేశమైన గ్రంథభాండాగార ప్రతినిధులు తెచ్చిన సంపద యేమి? ఇంటి యలమారులోని పుస్తకమును ఊరి యరుగుమీదికి దెచ్చినవారి త్యాగమే ఆ యుద్యమమునకు మూలధనము. సొంతపుస్తకము పదిమంది చేతులలో నలిగి చినిగినపుడు విచారింపని గృహస్థు లుండబట్టియే ఆంధ్రదేశమున గ్రంథాలయములు వెలసినవి. నందిగామలో పుట్టి, స్వరాజ్యసమరమున పాల్గొని, 1956లో ఆంధ్రప్రదేశ్ శాసనసభకు తొలి సభాపతియైన అయ్యదేవర కాళేశ్వరరావుగారు ఆ తరమువారే. చదువునకు జేసిన యుపకారమును ఆటకు జేయుటకు మన తరమునకు మనసు రాదా?

జగ్గయ్యపేటవారికి మేమొక శిలను జ్ఞాపకము చేసెదము. 1882లో బర్జెస్సు దొరగారు అచ్చటి బౌద్ధస్తూపమును బయలుపఱచినపుడు దొరకిన పలకలలో, ఆకసమునుండి నాణెములు వర్షించుచుండగా చేయి యెత్తి నిలిచిన చక్రవర్తి ప్రతిమ యొకటి కలదు. ఆతడు మాంధాత యని పండితులందురు. సువర్ణవృష్టిని గురియించుకొనియు, ఇంద్రుని యర్ధాసనమును బొందియు, అంతయు తనకే కావలెనని కోరినందున భూమికి జాఱిపడెనని బౌద్ధకథ. రెండువేలయేండ్ల క్రిందట మన యూరివారు ఆ కథను రాతిపై చెక్కించుకొనిరి. భూమి విలువ ఆకసమునకెగసి, ఇంటిమీద ధనము గురియుచున్న యీ దినములలో ఆ శిల మఱల చదువదగినది.

కాబట్టి పెరటిలో కోర్టు వేయదలచిన సోదరులకు మా మనవి యిది. ముందు మీ లేఅవుటులోని ఖాళీస్థలము నెచ్చట నున్నదో పురపాలకసంఘమునకో పంచాయతీకో వెళ్లి అడుగుడు. అది దొరకినచో పది కుటుంబములవారును కలిసి మీ సొమ్మును, గరుసును అచ్చట పోయుడు. దొరకనిచో మీ పెరటిలోనే వేయుడు. రేగడిని తీసి వేయుడు. పొరుగువానితో చెప్పి వేయుడు. వేసినపిమ్మట వీధివైపు గోడకు చిన్నతలుపొకటి పెట్టించి, వారమునకు రెండుమూడు సాయంకాలములైనను కులము నడుగక, చెప్పులు నడుగక, వీధిబిడ్డలకు దానిని తెఱువుడు. మీ బిడ్డకు ప్రత్యర్థి దొరకును. వీధిబిడ్డకు నేల దొరకును. ఆ చిన్నతలుపునకయ్యెడి ఖర్చు తక్కిన కోర్టునకైన ఖర్చులో నెన్నవవంతో లెక్కవేసి చూచుకొనుడు.